అట్ట సరే... కుట్టు చూశారా?

*గట్టి అట్ట పుస్తకమా, మెత్తని అట్ట పుస్తకమా? పుస్తకాల దుకాణంలో ఎప్పుడో ఒకప్పుడు అందరికీ ఎదురయ్యే ప్రశ్నే. జవాబు మాత్రం అట్టమీద ఉండదు. ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ మీదుగా హిందూపురం చేరేలోగా ఆ సంగతేమిటో చూద్దాం.*

ధర్మవరం జంక్షన్లో బెంగళూరు వైపు వెళ్లే రైలు ఎక్కబోతున్నారు. చేతిసంచీలో ఒక్క పుస్తకానికే చోటుంది. ఇంట్లో ఒకే నవల రెండు రకాలుగా ఉందనుకోండి. ఒకటి కాలికో గుడ్డ అతికించిన గట్టి అట్టది. రెండోది రంగుల బొమ్మ వేసిన మెత్తని అట్టది. ఏది తీసుకెళ్తారు?

ఆలోచించక్కర్లేదు. చెయ్యి రెండోదాని మీదకే వెళ్తుంది. సీటు దొరక్కపోయినా నిలబడి ఒంటిచేత్తో పట్టుకుని చదువుకోవచ్చు. పక్కనున్నాయన అడిగితే కాసేపు ఇవ్వచ్చు. మర్చిపోయి దిగిపోయినా ప్రాణం మరీ ఉసూరుమనదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ రెండింట్లో ఒక్కటే మీ మనవరాలికి మిగలాలంటే? ఈసారి చెయ్యి మొదటిదాని మీదకు వెళ్తుంది. ప్రయాణానికి మెత్తనిది, పదికాలాలపాటు దాచుకోవడానికి గట్టిది. లెక్క తేలిపోయినట్టే కదా!

తేలలేదు. ఎందుకంటే గట్టిగా కనిపించే అట్టలన్నీ గట్టివి కావు. మెత్తగా కనిపించేవన్నీ త్వరగా పోయేవీ కావు.

పలకల నుంచి పాకెట్ బుక్కు దాకా

నిజానికి మనకు గట్టి అట్ట కొత్తది కాదు. తాటాకుల కాలంలోనే ఉంది. గంటంతో రాసిన ఆకులకు రంధ్రాలు చేసి, తాడు గుచ్చి, పైనా కిందా రెండు చెక్క పలకలు పెట్టి బిగించి కట్టేవారు. ఆకు వంగకుండా, అంచులు విరగకుండా కాపాడేవి ఆ పలకలే.

అచ్చుయంత్రం వచ్చాక పలక స్థానంలో అట్ట వచ్చింది. మద్రాసులో 1854లో మొదలైన వావిళ్ల వారి సంస్థ అచ్చువేసిన కావ్యాలూ పురాణాలూ ఇప్పటికీ కొందరి ఇళ్లలో చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. ఆ తర్వాత కాలంలో చాలా తెలుగు పుస్తకాలకు రెండు ధరలుండేవి... సాదా ప్రతికి ఒకటి, కాలికో బైండుకు ఇంకొకటి. లోపలి అచ్చు ఒకటే. చదివి ఇచ్చేసేవాళ్లకు సాదాది, దాచుకునేవాళ్లకూ గ్రంథాలయాలకూ బైండుది.

ఇంగ్లండులో 1935లో ఆలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలు మొదలుపెట్టాడు. తొలి విడతలో పది పుస్తకాలు. ఒక్కొక్కటి ఆరు పెన్నీలు, అంటే అప్పట్లో ఓ సిగరెట్ పెట్టె ఖరీదు. అప్పటిదాకా మంచి పుస్తకమంటే గట్టి అట్టదే, చవకదంటే కాలక్షేపమే అన్న భావన ఉండేది. అది అక్కడితో బీటలు వారింది. మన దగ్గర ఆ పని 1960లలో ఎమెస్కో పాకెట్ పుస్తకాలు చేశాయి. చొక్కా జేబులో పట్టేంత పుస్తకం, చవక ధర. సభ్యులుగా చేరినవారికి పోస్టులో ఇంటికే వచ్చేవి. పుస్తకాల దుకాణం లేని ఊళ్లలోనూ అలా ఇంటింటా ఓ చిన్న అలమర వెలిసింది.

దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో వచ్చాయి మాస్కో పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు రష్యాలోనే తెలుగులో అచ్చువేసి పంపేవి. గట్టి అట్ట, మంచి కుట్టు... ధర చూస్తే మెత్తని అట్ట పుస్తకం కంటే తక్కువ! 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో ఆ రాకా ఆగిపోయింది. చిన్నప్పుడు కొన్న ఆ బొమ్మల పుస్తకాలు ముప్ఫై, నలభయ్యేళ్ల తర్వాత కూడా పేజీ ఊడకుండా ఉన్న ఇళ్లు ఎన్నో. అంత గట్టిగా నిలబడడానికి కారణం పైనున్న అట్టేనా?

ఆ సంగతి తెలుసుకోవాలంటే ముందు ధర్మవరం పట్టుచీరను అడగాలి.

చీర తిరగేసి చూసినట్టు...

ధర్మవరంలో పెళ్లిచీర కొనే ఇల్లాలు ఏం చేస్తుంది? రంగు చూస్తుంది, అంచు చూస్తుంది. అక్కడితో ఆగదు. చీర తిరగేసి నేత చూస్తుంది. పట్టుపోగు, జరీ ఎలా ఉన్నాయో వేళ్లతో తడిమి చూస్తుంది. పెట్టె ఎంత అందంగా ఉందన్నది ఎవరికీ పట్టదు.

పుస్తకం దగ్గరకొచ్చేసరికి మనం పెట్టె చూసి కొనేస్తాం!

పుస్తకం తయారయ్యేది ఇలా. పెద్ద కాగితం మీద ఇటూ అటూ కలిపి సాధారణంగా 16 పేజీలు అచ్చువేసి మడుస్తారు. దాన్ని ఫారం అంటారు. ఇలాంటి ఫారాలు వరసగా పేరిస్తే పుస్తకం. వాటిని పట్టి ఉంచడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది కుట్టు. ప్రతి ఫారాన్నీ దాని మడత మధ్యలోంచి దారంతో కుట్టి, పక్క ఫారంతో ముడివేస్తారు. వెన్నుకు జిగురు రాసి, పలచని గుడ్డ అతికించి, ఆ గుడ్డ అంచుల్ని అట్టలకు అంటిస్తారు. ఇందులో ప్రతి కాగితాన్నీ దారం పట్టుకుని ఉంటుంది. పుస్తకం బల్లపరుపుగా తెరుచుకుంటుంది.

రెండోది జిగురు. దీన్నే పెర్ఫెక్ట్ బైండింగ్ అంటారు. ఫారాలను పేర్చి వెన్నువైపు మడతల్ని మరతో చెక్కేస్తారు. దాంతో ఏ కాగితానికి ఆ కాగితం విడిపోతుంది. వాటి అంచులకు వేడి జిగురు పూసి అట్ట అతికిస్తారు. పని నిమిషాల్లో అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ ప్రతి కాగితమూ వేలాడేది సన్నని జిగురు చార మీదే. ఏళ్లు గడిచేకొద్దీ మామూలు జిగురు బిగుసుకుని పెళుసెక్కుతుంది. ఒకరోజు పుస్తకాన్ని బాగా విప్పి పట్టుకుంటే వెన్ను 'ఫట్'మంటుంది. అక్కడితో మొదలై పేజీలు ఒక్కొక్కటిగా చేతికొస్తాయి. పాలీయురథేన్ రకం జిగుళ్లు ఇంతకంటే చాలా గట్టివి. అయితే ఏ జిగురు వాడారో అట్ట మీద రాసి ఉండదు కదా!

అసలు చిక్కు ఇక్కడుంది. జిగురుతో అంటించిన కాగితాల కట్టకే గట్టి అట్ట తొడిగి, పైన మెరిసే కాగితం చుట్టి అమ్మేవీ ఉన్నాయి. బరువు, ఠీవి, ధర అన్నీ గట్టి అట్టవే. ఆయుష్షు మాత్రం మెత్తనిదే. మరోవైపు, దారంతో కుట్టి పైన మెత్తని అట్ట వేసిన పుస్తకాలూ ఉన్నాయి. అట్ట చిరిగినా వాటి లోపలి శరీరం చెదరదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు గట్టి అట్ట వేయించుకోవచ్చు. మాస్కో పుస్తకాల రహస్యం కూడా అట్టకంటే కుట్టులోనే ఎక్కువ.

తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. పుస్తకాన్ని నిలబెట్టి, వెన్ను దగ్గర పై అంచు చూడండి. చిన్నచిన్న మడతల గుత్తులు వరసగా కనిపిస్తే అవి ఫారాలు. ఒక గుత్తి మధ్యకు తెరిస్తే దారం కనిపిస్తుంది. అలా కాక రాతపలక పుస్తకంలా కాగితాలన్నీ ఒకే గీతలో జిగురుకు అంటుకుని ఉంటే అది జిగురు బైండింగ్. అర నిమిషం పని.

పెనుకొండ చెప్పే పాఠం

రైలు పుట్టపర్తి దాటి పెనుకొండ చేరుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరు. ఇక్కడి కొండనూ, శిథిలాలనూ చూసి కదిలిపోయిన ఓ కుర్రాడు పసివయసులోనే 'పెనుగొండ లక్ష్మి' అనే చిన్న కావ్యం రాశాడు. ఆయనే తర్వాత 'శివతాండవం'తో పేరుపొందిన పుట్టపర్తి నారాయణాచార్యులు. విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తాను రాసిన ఆ పుస్తకాన్నే తాను పాఠంగా చదవాల్సి వచ్చిందన్నది సాహిత్యలోకంలో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట.

ఈ రెండూ లావుపాటి గ్రంథాలు కావు. చిన్న పుస్తకాలే. ఇక్కడే మనం ఓ పొరపాటు చేస్తుంటాం. లావుగా ఉన్నది విలువైనదనుకుంటాం, దానికి బైండు చేయిస్తాం. సన్నని పుస్తకాన్ని రెండు లావు పుస్తకాల మధ్య దోపేస్తాం. ఇల్లు మారినప్పుడు మొదట మాయమయ్యేది అదే. మంచి కవిత్వం, నాటకం, స్థానిక చరిత్ర... మన భాషలో ఇవి ఎక్కువగా వచ్చింది సన్నని పుస్తకాలుగానే. వాటి వెన్ను మీద పేరు అచ్చువేసే చోటు కూడా ఉండదు. అలమరలో ఉన్నా లేనట్టే.

దీనికి పాతకాలం వాళ్లు మంచి ఉపాయం కనిపెట్టారు. ఒకే రచయితవో, ఒకే విషయానివో నాలుగైదు సన్నని పుస్తకాలు కలిపి ఒకే బైండు చేయించేవారు. లోపల మొదటి కాగితం మీద వాటి పేర్లు వరసగా రాసుకునేవారు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లనూ అంతే. వారం వారం పేజీలు చింపి దాచి, కథ ముగిశాక మధ్యవీధి బైండరుకిచ్చి పుస్తకం చేయించుకున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో. ఆ సీరియళ్లలో కొన్ని ఆ తర్వాత పుస్తకంగా రానేలేదు. ఆ ఇంటి బైండే వాటికి మిగిలిన ప్రతి!

అంటే మనవాళ్లకు గట్టి అట్టా, మెత్తని అట్టా అన్నది దుకాణంలో తేలే విషయం కాదు. చదివాక తేలేది. ముందు చవగ్గా కొనడం, నచ్చితే బైండు చేయించడం. అమ్మేవాడు కాదు, చదివినవాడు నిర్ణయించేవాడు.

హిందూపురంలో దిగాక...

హిందూపురం నుంచి బెంగళూరు వైపు వెళ్లే రైళ్లలో పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు కనిపిస్తుంటారు. వాళ్లు వాడేవి లావుపాటి మెత్తని అట్ట గైడ్లు. కొందరు వాటిని జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి మూడు ముక్కలు చేయించి, ఒక్కో ముక్కకు స్పైరల్ వేయించుకుంటారు. పుస్తకాన్ని కోయడమా అని పెద్దవాళ్లకు ప్రాణం చివుక్కుమనొచ్చు. కానీ అదే సరైన పని. సిలబస్ మారితే ఆ గైడు పాతకాగితమే. దాని జీవితం ఏడాది, రెండేళ్లు. పంచాంగానికి గట్టి అట్ట వేయించం కదా! మూలకు దారం కట్టి మేకుకు వేలాడదీస్తాం. ఉగాదికి కొత్తది వస్తుంది.

గ్రంథాలయం సంగతి వేరు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం నడిచే శాఖా గ్రంథాలయాలకు మనం ఆస్తిపన్నుతోపాటు సెస్సు కడుతున్నాం... రూపాయికి 8 పైసల చొప్పున. అక్కడ ఒక నవల చేతులు మారుతూనే ఉంటుంది. ఒక లెక్క వేసి చూడండి. మెత్తని అట్ట ప్రతి 150 రూపాయలు, గట్టి కుట్టుతో ఉన్నది 250 రూపాయలు అనుకుందాం. మొదటిది 25 మంది చదివేసరికి విడిపోతే ఒక్కో చదువుకు 6 రూపాయలు పడింది. రెండోది 100 మంది చేతుల్లో తిరిగితే రెండున్నర రూపాయలే. అదే ఇంట్లో ఒకే ఒక్కరు, ఒకే ఒక్కసారి చదివేదైతే లెక్క తిరగబడుతుంది. 250 పెట్టడం దండగ. కాబట్టి ధర చూడాల్సింది పుస్తకానికి కాదు, చదువుకు.

జిగురు పుస్తకంతో గ్రంథాలయాలకు ఇంకో తంటా ఉంది. మడతలు చెక్కేశారు కాబట్టి విడిపోయాక మళ్లీ మడతలో కుట్టడానికి వీలుండదు. పక్కనుంచి ఆరతో రంధ్రాలు పొడిచి అంచు దగ్గర కుట్టాల్సిందే. గట్టిగానే నిలుస్తుంది. కానీ లోపలి మార్జిన్ ఆ కుట్టు కిందికి పోతుంది. అక్షరాలు సందులో దాక్కుంటాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చదివేవాళ్లకు ఇది అనుభవమే. కొన్నింటిలో వెన్నువైపు మాటలు సగమే కనిపిస్తాయి. పుస్తకం బతికింది, వాక్యం తెగింది!

ఎవరికి ఏది?

రోజూ పారాయణ చేసే సుందరకాండ, భాగవతం, ఖురాను, బైబిలు... వీటికి కుట్టు తప్పనిసరి. వ్యాసపీఠం మీద పెట్టిన పుస్తకం తనంతట తాను తెరుచుకుని నిలవాలి. జిగురుది ముడుచుకుపోతుంటుంది, నొక్కిపెడితే విరుగుతుంది. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వారి తెలుగు పుస్తకాల్లాంటివి గట్టి అట్టతో కూడా తక్కువ ధరకే దొరుకుతాయి కాబట్టి ఇక్కడ బేరమాడే పనే లేదు.

నిఘంటువులు, వైద్యం, న్యాయశాస్త్రం లాంటివి... మధ్యలోంచి పదేపదే తెరిచేవి. గట్టి అట్ట, కుట్టు రెండూ ఉండాలి.

నవలలు, కథలు మొదటిసారి చదవడానికి మెత్తని అట్టే మేలు. నచ్చకపోతే ఎవరికైనా ఇచ్చేయొచ్చు. నచ్చితే బైండరున్నాడు.

పడుకుని చదివే అలవాటున్న పెద్దవాళ్లకు గట్టి అట్ట బహుమతిగా ఇవ్వకండి. కాసేపటికే మణికట్టు నొప్పెడుతుంది. పెద్ద అక్షరాలు, తేలిక కాగితం, మెత్తని అట్ట వాళ్లకు హాయి.

పలకాబలపం వయసు పిల్లలకు దళసరి అట్ట పేజీల పుస్తకాలు. చదవడం వచ్చిన పిల్లలకు చవకవి ఎక్కువ కొనివ్వండి. 'చిరుగుతుంది, ముట్టుకోకు' అనాల్సిన పుస్తకం పిల్లలకు పుస్తకం కాదు, బొమ్మల కొలువు.

అట్ట ఒక్కటే కాపాడదు

గట్టి అట్ట వేయించి గోడకు ఆనించి పెడితే చెదలకు విందు. వాటికి అట్ట, కాగితం అన్నీ ఒకటే. బైండర్లు వాడే మైదా జిగురు బొద్దింకలకూ, వెండిచేప పురుగులకూ ఇష్టం. అందుకే పాతకాలం బైండర్లు మైదా ఉడికించేటప్పుడు కొంచెం మైలుతుత్తం కలిపేవారు. అది విషం కాబట్టి పిల్లలున్న చోట జాగ్రత్త అవసరం. అలమరను గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, నెలకోసారి దులపడం అంతకంటే సులువు.

వాతావరణం విషయంలో ఈ సీమ ఓ రకంగా అదృష్టమే. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కోస్తాలోలా చెమ్మ ఎక్కి బూజు పట్టే బెడద తక్కువ. కానీ ఎండ, దుమ్ము ఎక్కువ. ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే అట్ట రంగు వెలుస్తుంది, కాగితం పచ్చబడుతుంది. న్యూస్‌ప్రింటు అయితే మరీ త్వరగా. కలపలోని లిగ్నిన్ అందులో మిగిలి ఉండడమే కారణం. అలాంటి కాగితానికి ఎంత గొప్ప బైండు చేయించినా పేజీ పొడి కాకుండా ఆగదు. కాబట్టి అట్టకు ముందు కుట్టు, కుట్టుతోపాటు కాగితం చూడాలి.

వెయ్యి ప్రతుల్లో ఒకటి

ఇదంతా ఎందుకంటారా? తెలుగులో చాలా పుస్తకాలు వేసేదే వెయ్యి ప్రతులు. కొన్ని అంతకన్నా తక్కువ. అవి అయిపోయాక రెండో ముద్రణ వస్తుందన్న నమ్మకం లేదు. ఇంగ్లిషులో పేరున్న నవల మీ చేతిలో విడిపోతే మరోటి కొనుక్కోవచ్చు. మన జిల్లా రచయిత సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకం విడిపోతే? ఆ ఊరి చరిత్ర, ఆ యాస, ఆ కథ కూడా దాంతోపాటే పోవచ్చు. అలాంటి పుస్తకానికి మీ అలమరే గ్రంథాలయం.

చిన్న పట్టణాల్లో చేత్తో కుట్టి బైండు చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. ఉన్నవాళ్లకు కూడా స్పైరల్ వేయడమే సులువైన బతుకుదెరువు. పని అడిగేవాళ్లుంటేనే పనితనం నిలుస్తుంది. ధర్మవరంలో మగ్గానికైనా, బైండరు సూదికైనా అదే సూత్రం.

ఈ ఆదివారం ఓ గంట వీలు చేసుకోండి. అలమరలోంచి మళ్లీ దొరకవనుకున్న మూడు పుస్తకాలు బయటికి తీయండి. సన్నవైనా ఫర్వాలేదు. మీ ఊళ్లో బైండరు ఎక్కడున్నాడో కనుక్కుని ఇచ్చిరండి. మూడింటినీ కలిపి వేయించినా సరే. మొదటి కాగితం మీద పేర్లు రాయడం మాత్రం మర్చిపోకండి.

రైల్లో చదవడానికి మెత్తనిది ఎలాగూ ఉండనే ఉంది!

బైండరుకు ఇచ్చేటప్పుడు...

* ముందే పేజీ నంబర్లు సరిచూసుకోండి. పోయిన పేజీలుంటే ఇంకో ప్రతి నుంచి జిరాక్స్ తీయించి వాటి స్థానంలో పెట్టండి.

* ఫారాలు చెదరకుండా ఉంటే 'మడతలోంచి కుట్టండి' అని అడగండి. పక్కకుట్టు ఆఖరి దారి.

* అంచులు ఎక్కువ కత్తిరించవద్దని చెప్పండి. పాత పుస్తకాల్లో మార్జిన్ తక్కువ. అక్షరాలు తెగితే మళ్లీ రావు.

* అసలు ముఖచిత్రం పారేయనివ్వకండి. కొత్త అట్ట లోపల దాన్ని కూడా కలిపి కుట్టించండి. ధర, ముద్రణ సంవత్సరం, బొమ్మ వేసిన చిత్రకారుడి సంతకం తరచూ ఉండేది అక్కడే.

* వెన్ను మీద పుస్తకం పేరు రాయించండి. పేరు లేని బైండు అలమరలో ఉన్నా కనపడదు.

* విడిపోయిన పేజీలకు సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్లకు అది పసుపుపచ్చ మరకై అక్షరాల మీద కూర్చుంటుంది.